మా నాయన ఎద్దులు కొనని దారి

గద్వాల నుంచి నాగర్‌కర్నూలు పోవాలంటే ఒక రైలు, ఒక టాంగా, ఒక బస్సు, ఆపైన మన కాళ్లు. మా నాయన ఏటా ఉగాది ముందర ఈ దారిన పోయేవాడు. నాగర్‌కర్నూలు సంతలో ఎద్దులు చూసొస్తానని బయలుదేరి, మూడు నాలుగు రోజులకు ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. "ఈ యేడు గూడ ఎద్దులకు నువ్వు నచ్చలేదా?" అని అమ్మ ఆటపట్టించేది. నేను మొదటిసారి ఆ దారి పట్టింది ఆయన చనిపోయిన నెలకు. రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి.

మొదటి యుద్ధానికి నాయన పోయాడు. మాది అయిజ దగ్గర మెట్ట సేద్యం. కరువుకు తాళలేక ఫౌజులో చేరి, సముద్రం అవతల బస్రాలో తూటాల పెట్టెలు మోసే కంచర గాడిదలను తోలాడు. కొన్నాళ్లకు నాయన, అంటే హన్మప్ప, యుద్ధంలో చనిపోయాడని పటేలు వచ్చి చెప్పాడు. మా అవ్వ కొడుక్కి దినం చేసింది. అమ్మ గాజులు పగలగొట్టారు. ఆ తర్వాత రెండేళ్లకు నాయన నడుచుకుంటూ ఊళ్లోకి వచ్చాడు.

దినం చేసిన మనిషి తలవాకిట్లోంచి ఇంట్లోకి రాకూడదన్నారు పెద్దలు. మిద్దె ఎక్కించి, వెలుతురు కోసం పైన వదిలే గవాచిలోంచి తాళ్లతో లోపలికి దించారు. అప్పుడే పుట్టిన బిడ్డకు పోసినట్టు నీళ్లు పోశారు. హన్మప్ప పేరు తీసేసి మల్లప్ప అని పెట్టారు. అమ్మకు మళ్లీ తాళి కట్టించారు. అలా మా అమ్మకు ఒక్క మొగుడితోనే రెండు పెళ్లిళ్లు. నేను రెండో పెళ్లి సంతానాన్ని.

ఇప్పుడు నిజంగా పోయిన నాయనకు దినం నాడు పిట్టకు పెడితే కాకి ముట్టలేదు. చేను చూసుకుంటామన్నాం, అమ్మను చూసుకుంటామన్నాం. గోడ మీద కూర్చున్న కాకి కూర్చున్నట్టే ఉంది. "ఒకపారి పెట్టినం గదా, మళ్లెట్ల ముడ్తది?" అన్నాడు పెదనాయన. మధ్యాహ్నం దాకా చూసి ఆ అన్నం ఆవుకు పెట్టాం. అమ్మ మాత్రం ఆ రోజంతా గోడ వైపే చూస్తూ ఉంది.

కాకి ఎందుకు ముట్టలేదో అమ్మకూ నాకూ తెలుసు. పోయే ముందు నాయన మాకు ఒక మాట చెప్పాడు. బస్రాలో ఆయనకు సాయన్న అని నాగర్‌కర్నూలు దిక్కు జతగాడు ఉండేవాడు. ఎడారి చలిలో సాయన్నకు జ్వరం వస్తే నాయన తన కోటు విప్పి కప్పాడు. నాయన నంబరు ఉన్న ఇత్తడి బిళ్ల ఆ కోటు జేబులోనే ఉండిపోయింది. సాయన్నను దవాఖానకు మోసుకుపోయారు, తెల్లారేసరికి నాయన పటాలాన్ని ఇంకో చోటికి తరలించారు. సాయన్న అక్కడే కన్నుమూశాడు. బిళ్ల చూసి పోయింది హన్మప్ప అనుకున్నారు. అందుకే మా ఊరికి చావు కబురు వచ్చింది, సాయన్న ఊరికి ఏ కబురూ పోలేదు. నాయన తర్వాత వెతుక్కుంటూ పోయి ఆ సమాధి చూశాడు. దాని మీద తన నంబరే ఉందట.

"సాయన్న పెండ్లాం ఇంక గాజులు ఏసుకొనే ఉంది. చెప్పాలెనని ఏటేటా పోయిన. నోరు రాలే," అన్నాడు నాయన. ఆయన కొనని ఎద్దుల సంగతి మాకు అప్పుడు అర్థమైంది. ఇక చెప్పాల్సింది నేనే.

అమ్మ నా మూటలో రెండు చీరలు పెట్టింది. ఒకటి తన పెట్టెలోంచి తీసిన ఎర్రంచు గద్వాల చీర. రెండోది దినం నాడు చుట్టాలు తనకు పెట్టిన తెల్ల చీర. చావు కబురు తీసుకుపోయేవాళ్లు చీర పెట్టాలి. కానీ సాయన్న భార్య ముత్తైదువ కింద లెక్కా, కాదా? "ఆమెను చూసి, ఏది ఇయ్యాల్నో అది ఇయ్యి," అని ఆ భారం నా నెత్తి మీద వేసింది.

గద్వాల స్టేషనులో పొద్దున ఏడు గంటల బండి అందుకున్నాను. యుద్ధం రోజులు కాబట్టి మూడో తరగతిలో కూర్చోవాలనే ఆశ పెట్టుకోకండి. కృష్ణ వంతెన మీదకు రాగానే పెట్టెలో అందరూ చేతులు జోడించారు, నేనూ జోడించాను. నాయన అస్థికలు కలిపింది ఈ నీళ్లలోనే. నీళ్లు సన్నగా బండల నడుమ పారుతున్నాయి.

పక్కనే అమరచింత సాలె ఆయన ఒకడు నిలబడ్డాడు. నూలు దొరక్క పరేషానై తిరుగుతున్నాడు. నా మూటలోంచి బయటికొచ్చిన ఎర్రంచును రెండు వేళ్లతో పట్టి చూసి, ఎవరికి అని అడిగాడు. అత్తమ్మకు అన్నాను. దాని కింద తెల్ల చీర కనబడి, "తెల్లది గూడ ఆమెకేనా?" అన్నాడు. నేను రెండింటినీ మూటలోకి తోశాను. అది చూసి, "రెండు వట్టుకపోవద్దు సారూ. ఏదో ఒకటి అనుకొని పోవాలె," అన్నాడు. మంచి మాటే. కానీ మూటలో రెండూ ఉన్నాయి కదా!

వనపర్తి రోడ్డు అనే స్టేషనులో దిగి వనపర్తి ఎక్కడని వెతక్కండి. ఊరికి ఇంకా చాలా దూరం. టాంగాలో ఆరుగురం ఎక్కాం, గుర్రం మా వైపు ఒకసారి తిరిగి చూసి కదిలింది. వనపర్తిలో దిగేసరికి పదకొండు దాటింది. బస్టాండు ఎదురుగా ఒక పూటకూళ్లింట్లో అన్నం, పచ్చిపులుసు తిన్నాను. పచ్చిపులుసు బాగుంది. కూర గురించి చెప్పకపోవడమే మర్యాద.

నాగర్‌కర్నూలు బస్సు పన్నెండింటికన్నారు, రెండింటికి కదిలింది. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సు. వెనక సీట్లో కూర్చున్నవాడు దిగేసరికి కొలిమి పని చేసినవాడిలా ఉంటాడు. గోపాల్‌పేట ముందు ఎత్తు ఎక్కలేకపోతే మగవాళ్లమంతా దిగి తోశాం. టికెట్టు కొన్నది బస్సా మేమా అని ఒకాయన గొణిగాడు. మళ్లీ ఎక్కాక పక్కనున్న గోపాల్‌పేట ముసలమ్మ తన కొడుకు ఇప్పటి యుద్ధానికి పోయాడని చెప్పింది. "ఫౌజుల మంచి ఉన్నికోట్లు ఇస్తరంటగా, నిజమేనా బిడ్డా?" అని అడిగింది. ఇస్తారమ్మా, గట్టివే ఇస్తారు అన్నాను. ఆ తర్వాత ఆమె దిగేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను, ఆమె ముఖం చూడడం నా వల్ల కాలేదు.

ఆ రాత్రి నాగర్‌కర్నూలు సత్రంలో పడుకొని, పొద్దున్నే సాయన్న ఊరికి నడిచాను. ఊరి పేరు రాయను. ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది. సాయన్న భార్యకు నాగమ్మ అన్న పేరు కూడా నేను పెట్టిందే. దారి పొడుగునా జొన్న చేలు కోతకొచ్చి ఉన్నాయి.

నాగమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. తల సగం నెరిసింది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, చాట ఊపినప్పుడల్లా గలగలమంటున్నాయి. అయిజ దిక్కు మల్లప్ప కొడుకునన్నాను. మల్లప్ప ఎవరో తనకు తెలియదంది. నాకు అప్పుడు గుర్తొచ్చి, హన్మప్ప కొడుకునన్నాను. ఆమె చాట కింద పెట్టి లేచింది.

"హన్మప్పన్న రాలేదా?" అంది.

మా ఇంట్లో ఎవరూ పలకని పేరు అది. ఇక్కడ మాత్రం ఆయన ఇన్నాళ్లూ ఆ పేరుతోనే బతికి ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నాయన పోయాడని ఎలా చెప్పానో నాకే తెలియదు. ఆమె నన్ను కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చి, తనూ ఏడ్చింది. కొంత తేరుకున్నాక, "అత్తమ్మా, సాయన్న మామ..." అని మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. వీధిలోకి తొంగి చూసి, నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"జతగ పోయినోడు ఒక్కడే వస్తే ఇంకేం చెప్పాలె బిడ్డా! మొదలు వచ్చిననాడే ఎరుకైంది. మీ నాయన నోరు తెరిచినప్పుడల్ల రొట్టె పెడ్తుంటి, వానల ముచ్చట తీస్తుంటి. చెప్తే నేను గాజులు తియ్యాలె. గాజులు తీసిననాడు ఆయన వాటా చేను మరుదులు కలుపుకుంటరు. నేను యాడికి పోవాలె? మీ నాయనకు నోరు రాక గాదు. నేనే రానియ్యలే."

నాయన ఆ బరువు పాతికేళ్లు మోశాడు. మోయనక్కర లేదని ఆమె ఒక్క మాట అనలేకపోయింది.  అయినా నాకు ఆమె మీద కోపం రాలేదు.

ఆమె మెల్లగా, "ఒక్కటే గోస. ఆయనకు ఎవలూ ఇంత పెట్టకపాయిరి. ఆకలితోనే తిరుగుతుండో ఏమో," అంది. అప్పుడు నేను కోటు సంగతి, బిళ్ల సంగతి, మా అవ్వ చేసిన దినం సంగతి అంతా చెప్పాను. పేరు హన్మప్పదే అయినా, పోయిన మనిషి సాయన్న మామే కదా, ఆ అన్నం ఆయనకే ముట్టి ఉంటుందన్నాను. అప్పుడు కాకి వెంటనే ముట్టిందని అమ్మ చెప్పిన మాట కూడా చెప్పాను.

 ఆ దినం నాడు ఏం వండారని ఆమె అడిగింది. జొన్నరొట్టె, పప్పు, నాయనకు ఇష్టమని పుల్లటి పుంటికూర అన్నాను.

"అయ్యో, ఆయనకు పుంటికూర పడదు. తింటే కడుపుల మంట," అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఆకలి మీదున్నోడు, తినే ఉంటడు తియ్యి," అని నవ్వింది.

రెండు చీరలూ ఆమె ముందు పెట్టాను. ఎర్రంచు చీర తీసుకుని కళ్లకద్దుకుంది. తెల్లదాన్ని మడత చెదరకుండా నా వైపు జరిపి, "ఇది మీ అమ్మకు అక్కెరొస్తది," అంది.

ఆ రోజు అక్కడే ఉన్నాను. మర్నాడు పొద్దున ఆమె రొట్టె, పప్పు, దండిగా పుంటికూర ఆకులో పెట్టి గోడ మీద ఉంచింది. "హన్మప్పన్నకు నేను పెడ్తున్న. నా బాకీ," అంది. కాకి వచ్చేదాకా ఉండాలని ఉంది. కానీ నాగర్‌కర్నూలు నుంచి వనపర్తికి బస్సు పొద్దున ఒక్కటే, తప్పితే ఆ రోజు రైలు అందదు. ఈ దారిన పోయేవాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి. ఊరి చివర తిరిగి చూస్తే ఆమె ఇంకా గోడ దగ్గరే నిలబడి ఉంది.

తిరుగు రైల్లో కూర్చోవడానికి చోటు దొరికింది. కృష్ణ దాటుతుంటే పొద్దు వాలుతోంది. నాయన ఏటా ఇక్కడ కూర్చుని ఏం ఆలోచించేవాడో అనుకున్నాను. ఏమీ కొనకుండా వచ్చాడని నవ్వేవాళ్లం. ఒక ఆడమనిషి చేను, గాజులు నోరు విప్పకుండా కాపాడి వస్తున్నాడని ఆయనకైనా తెలియదు. అది తెలిసి కన్నుమూసి ఉంటే ఎంత బాగుండేది!

ఇంటికి రాగానే అమ్మ చీర సంగతే అడిగింది. తెల్లది చేతికిచ్చాను. నాగమ్మ పెట్టిన అన్నం కాకి ముట్టిందా అంటే చూడలేదన్నాను. పుంటికూర సంగతి చెప్పినప్పుడు మాత్రం అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ యేడు పెత్రమాసకు పెద్దలకు పెట్టేటప్పుడు, నాయన విస్తరి పక్కన ఇంకో విస్తరి వేసింది. రొట్టె, పప్పు రెండింటికీ వడ్డించింది. పుంటికూర ఒక్కదానికే వడ్డించింది.