జ్వరం లేని డబల్ రొట్టె

మా ఇంట్లో డబల్ రొట్టె, అదే బ్రెడ్డు, కనిపించిందంటే ఎవరో మంచం పట్టారన్నమాట. పాలల్లో ముంచి రోగికి పెడతారు. జ్వరం తగ్గగానే మిగిలిన ముక్కలు ఆవుకు వేస్తారు. ఒంట్లో బాగున్నవాళ్ళు దాన్ని ఇష్టపడి తింటారని మా అత్తగారు కలలో కూడా అనుకోదు.

పోయిన వేసవిలో ఫోన్‌లో ఒక పెద్దావిడ రొట్టె చేస్తుంటే చూశాను. ఆమెది కరేబియన్ దీవుల్లో ఏదో ఊరు. ఆమె ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది గానీ చేతులు మాత్రం పూర్తిగా అర్థమయ్యాయి. మైదాలో పాలు, వెన్న, కాస్త చక్కెర, ఈస్ట్ వేసి పిసికింది. పొంగిన పిండిని కర్రతో వత్తి గాలంతా తీసేసి, చాప చుట్టినట్టు బిగించి చుట్టి డబ్బాలో పెట్టి కాల్చింది. కోసిన ముక్క తెల్లగా, ఒత్తుగా ఉంది. నాకు తినాలనిపించింది. వేరే కారణం ఏమీ లేదు.

మా ఆయనతో చెబితే నవ్వాడు. "వెస్టిండీస్ వాళ్ళు క్రికెట్ ఆడుతరు గని రొట్టెలు గూడ చేస్తరా?" అన్నాడు. బట్టల దుకాణంలో గిరాకీల ముందు వేసే జోకులు ఇంటికి కూడా మోసుకొస్తాడు. నాకు నవ్వు రాలేదు.

మొదటిసారి పిండి పాడైంది. వెచ్చని చోట గంటసేపు ఉంచమంది ఆవిడ. మే నెలలో, చంద్రపూర్‌లో, వెచ్చని చోటు వెతికాను చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది! కిటికీ దగ్గర పెట్టి, నాలుగు బట్టలు ఉతుక్కొచ్చేసరికి గిన్నె దాటి గట్టు మీదికి పారింది. పుల్లటి వాసన.

"మైదా అంత మన్నుపాలు చేస్తివి గదనే" అంది అత్తమ్మ.

రెండోసారి కూలర్ ముందు పెట్టి అక్కడే కూర్చుని కాపలా కాశాను. ఆదివారం పొద్దున పదింటికి రొట్టె ఓవెన్‌లోంచి బయటికి వచ్చింది. ఇల్లంతా తియ్యటి వాసన. అత్తమ్మ వచ్చి తొంగి చూసింది.

"ఎవలకు జరమొచ్చిందే?"

"ఎవలకు రాలే అత్తమ్మా. తిందామని చేసిన."

"ఊకె తిందామనా? గట్ల ఎవలన్న తింటరా?"

నా వంక చూడనైనా చూడలేదు. లోపలికి పోయి, ఇంకా పడుకునే ఉన్న తన కొడుకు నుదురు పట్టుకు చూసింది.

అంతటితో ఆగిందా? కోర్పనాలో ఉన్న కూతురికి ఫోన్ చేసి, ఇంట్లో డబల్ రొట్టె చేశారని చెప్పింది. మధ్యాహ్నానికల్లా మా ఆడబిడ్డ బత్తాయిల సంచితో దిగింది. "కాయ్ ఝాలం, ఏమైంది అమ్మకు? నాకు ముందుగాల్నే చెప్పొద్దా వదినా?" అంటూ వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మకేం కాలేదంటే అన్న దగ్గరికి పోయింది. బత్తాయి ఒలిచి తొనలు అన్న చేతికిచ్చింది. నన్ను ఎవరూ అడగలేదు. రొట్టెను ఎవరూ ముట్టలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అంతకు ముందటి వానాకాలం నాకు డెంగ్యూ వచ్చింది. ఆరు రోజులు గోడ పట్టుకుని నిలబడి ఇంటిల్లిపాదికీ జొన్న రొట్టెలు కాల్చాను. నా కోసం ఒక్క డబల్ రొట్టె ముక్క ఆ గుమ్మం దాటి రాలేదు. ఆడబిడ్డ ఫోన్ చేసింది, నిమ్మకాయ తొక్కు పెడుతూ అందులో కారం ఎంత వేయాలో అడగడానికి. ఆ మాటలన్నీ గట్టిగా అనేశాను. పక్కింటికి వినపడితే వినపడనీ అనుకున్నాను.

"బాగలేదని చెప్పొద్దా మరి? చెప్పకుంటె ఎట్ల తెలుస్తది?" అన్నాడు మా ఆయన.

"మరి జరం గోలీలు తెచ్చిందెవలు?" అన్నాను.

"తెచ్చిన గద! తెచ్చినంక గూడ గిట్ల లొల్లి చేస్తవ్."

ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానన్నట్టుంది ఆయన వాలకం. కానీ చెప్పకుంటే ఎట్ల తెలుస్తదన్న మాట నన్ను గుచ్చింది. గోలీలు మింగాను గానీ, నా వల్ల కాదు, ఇవాళ నేను చెయ్యలేనని ఒక్కసారైనా నోరు తెరిచి అన్నానా? వాళ్ళందరి కంటే నా మీద నాకే ఎక్కువ ఒళ్ళు మండింది.

రొట్టెను పళ్ళెంతో సహా తీసుకుని గదిలోకి పోయి గడియ పెట్టాను. మంచం మీద కూర్చుని తిన్నాను. మొదటి ముక్క కోపంలో రుచే తెలియలేదు. రెండోది మెత్తగా, నమిలేకొద్దీ తియ్యగా ఉంది. పాలల్లో ముంచాల్సిన అవసరమే లేదు.

సాయంత్రం మా ఆయన తలుపు తట్టాడు. తప్పయిందంటాడేమో అనుకున్నాను.

"ఏమే, చెల్లె ఇయ్యాల ఈడనే ఉంటదట. రొట్టెలు ఎన్ని చేస్తవ్?"

"చెయ్య."

"జరమొచ్చిందా?"

"రాలే. ఊకెనే చెయ్య."

ఆయన అడుగులు దూరమయ్యాయి. తర్వాత వంటింట్లో పిండి డబ్బా కింద పడింది, అత్తమ్మ అరిచింది. అలవాటుగా కాళ్ళు కింద పెట్టాను. మళ్ళీ మంచం మీదికి తీసుకున్నాను.