సంచులాయన చొక్కా

ఆయన అసలు పేరు చాలామందికి గుర్తులేదు. మొక్కజొన్న పరిశోధన క్షేత్రంలో ఇరవై రెండేళ్లుగా కండెలకు కాగితం సంచులు తొడుగుతున్నాడు కనుక అందరికీ సంచులాయనే. పీచు బయటికి రాకముందే కండెకు చిన్న సంచి, పుప్పొడి రాలకముందే మొక్క తలమీది జల్లుకు పెద్ద సంచి. మర్నాడు పెద్ద సంచిలో రాలిన పొడిని తాము ఎంచుకున్న కండె మీద పోసి, మళ్లీ మూసెయ్యాలి; వేరే చేను పొడి పడితే గింజ జాతే చెడుతుంది. ఎండ ముదిరితే పొడి చచ్చిపోతుంది. పొద్దున పదిలోపే పని ముగియాలి.

మడిలోకి వెళ్లేముందు ఉతికిన చొక్కా తొడుక్కుని, తల తడుపుకుని, మోచేతుల దాకా కడుక్కోవాలని నియమం పెట్టిందీ ఆయనే. ఒకసారి శాస్త్రవేత్త మేడంనే గట్టు మీద ఆపేశాడు. "పక్క చేలోంచి వచ్చారు తల్లీ. దేవుడి ముందుకి బురదకాళ్లతో వెళ్తామా?" ఆవిడ నవ్వి, వెనక్కి వెళ్లి కడుక్కొచ్చింది.

ఆ మడిలో ఉన్నది ఎనిమిదేళ్ల పని. మామూలు మొక్కజొన్న కడుపు నింపుతుంది గానీ ఒంటికి కండ పట్టనివ్వదు. మంచి మాంసకృత్తులున్న పాత రకం గింజేమో మెత్తన; పురుగుకే సరిపోయేది, దిగుబడీ సగమే. రెంటినీ కలిపి, కింద దీపం వెలిగే అద్దం బల్ల మీద గింజలు పరిచి, వెలుగు లోపలికి ఎంత దిగుతుందో చూసి ఏరగా ఏరగా గట్టి గింజ తేలింది. రైతులకిచ్చే సంకర రకానికి అదే తల్లి విత్తనం.

సంచులాయన తొలి కొడుకు తల్లిపాలు మానాక ఒట్టి మొక్కజొన్న జావ మీద పెరిగాడు. కాళ్లు వాచి, జుట్టు ఎర్రబడి, రెండేళ్లు నిండకుండానే పోయాడు. ఆ సంగతి ఆయన పనిచోట ఎవరికీ చెప్పలేదు. పిల్లాణ్ని ఆస్పత్రికి భుజాన మోసుకుపోయిన బావమరిదికి మాత్రం తెలుసు.

ఆ బావమరిది చేను కంచె అవతలే. వాడిది మామూలు రకం, నిండు పూత మీదుంది. సంచులాయన భార్య రోజూ రెండు క్యారేజీలు తెచ్చి, ఒకటి మొగుడికి, ఒకటి కంచె మీదుగా తమ్ముడికి ఇచ్చేది. ఒక ఉదయం వాడి గేదె కంచె తోసుకుని వచ్చి, నాలుగు సాళ్లు తొక్కి, కండెల్ని సంచులతో సహా నమిలేసింది.

సంచులాయన చూసేసరికి దాని మూతికి కాగితం వేలాడుతోంది. చీమను తప్పించి నడిచే మనిషి, కర్ర విరిగేదాకా దాన్ని బాదాడు. తరుముతూ అవతలి చేలోకి పోయాడు. బావమరిది పారతో ఎదురొచ్చాడు.

"నోరులేని దాన్నా కొడతావ్?"

"నోరు లేకుండానే నాలుగు సాళ్లు మేసిందా?"

"గింజలకి టోపీలు తొడిగే ఉద్యోగం. దానికింత పొగరా, బావా?"

చేతిలోని కర్రముక్క వాడి చెవి మీద పడింది. తమ్మె నిలువునా చీలింది. వాడు పారను తిరగేసి పిడితో పొడిస్తే సంచులాయన ముందుపళ్లు రెండు రాలాయి. ఇద్దరూ కలబడి మొక్కల మీద పడ్డారు. కాడలు ఫెళఫెళ విరుగుతుంటే జల్లుల్లోంచి పసుప్పచ్చని పొడి వాళ్ల మీద కురిసింది. సంచులాయన వాడి గొంతు మీద మోకాలు ఆనించాడు. వాడి కళ్లు తేలిపోయినా తియ్యలేదు. క్యారేజీలు తెచ్చిన భార్య వెనకనుంచి జుట్టు పట్టి ఈడ్చింది కాబట్టి సరిపోయింది. ఆ వేళకు ఆమెను దేవుడే పంపాడు. ఆమె ఎవర్నీ తిట్టలేదు. క్యారేజీ చుట్టిన తువ్వాలు చింపి పెద్దముక్క తమ్ముడి చెవికి కట్టింది, చిన్నముక్క మొగుడి నోటికి అదిమింది.

ఎనిమిదిన్నరైంది. మిగిలిన సాళ్లలో పీచు ఎవరి కోసమూ ఆగదు. ఇరవై రెండేళ్ల అలవాటు సంచులాయనను లేపి, కంచె సందులోంచి మడిలోకి నడిపించింది. సంచి విప్పడం, పొడి పోయడం, మూయడం. ముప్పైనాలుగో కండె దగ్గర నోటినుంచి ఒక నెత్తుటి చుక్క సంచి మీద పడింది. దాని అంచున పసుప్పచ్చని పొడి తేలింది. ఆయన చొక్కా చూసుకున్నాడు. చేతులు, కనుబొమలు, జుట్టు, అంతా అవతలి చేను పొడే. విప్పిన ప్రతి కండె మీదికీ తనే వంగాడు.

గట్టు మీద కూలబడి దేవుణ్ని పిలిచాడు. తర్వాత లేచి, తను ముట్టిన కండెల్ని ఒక్కొక్కటీ విరిచి బయట పారెయ్యడం మొదలుపెట్టాడు.

అప్పుడే బావమరిది మళ్లీ పార పట్టుకుని కంచె దగ్గరికొచ్చాడు. మిగతా మడి కూడా నరికేద్దామనే వచ్చాడు.

"నీ మడిని నువ్వే పీకుతున్నావేంటి?"

"నీ చేను పొడి ఒంటిమీద మోసుకొచ్చా. ముప్పైనాలుగు పాడుచేశా. నీ గేదే నయం."

"సంచి మూసేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"జావ తాగే పిల్లాడికి తెలుస్తుంది."

బావమరిది పారను కంచెకు ఆనించాడు. తర్వాత కాలవకు పోయాడు. చొక్కా విప్పి, కట్టు తడిసి నెత్తురు కారుతున్నా తల ముంచి, మోచేతులు రుద్దుకుని వచ్చి గట్టు మీద ఆగాడు.

"లోపలికి రావచ్చా, బావా?"

"ఉండు. ముందు నేనూ కడుక్కోవాలి."

పది కొట్టేలోపు ఇద్దరూ కలిసి మిగిలినవాటిలో ఇరవై ఒక్క కండెలకు పొడి పోసి మూశారు. జరిగింది జరిగినట్టు మేడంకి సంచులాయనే చెప్పాడు, పళ్లు లేని నోటితో.  ఆవిడ లేచి మందు పెట్టె తెచ్చింది. పంట కోతకొచ్చాక అద్దం బల్ల మీదికి ఆ ఇరవై ఒక్క కండెల గింజలే వచ్చాయి. బావమరిది చెవి తమ్మె మాత్రం రెండు ముక్కలుగానే ఉండిపోయింది.