కళ్ళు తెరిచి చెప్పని మా అయ్యగారు

నిన్న పొద్దున ఫోన్ తెరిస్తే మన చర్చి గ్రూప్ నిండా దండం పెట్టే చేతులు.

ఒకరు పెట్టారు. అది చూసి ఇంకొకరు. ఎవరు పోయారో మాత్రం ఒక్కరూ రాయలేదు.

ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. చివరికి మా అక్క ఎత్తింది. "అయ్యగారు పోయినారే" అని ఏడ్చింది.

మన దేవసహాయం అయ్యగారు. సింగానల్లూరులో మిల్లువాళ్ళు ఇచ్చిన లైన్ ఇళ్ళున్న కాలం నుంచీ మన తెలుగు సంఘానికి పాస్టర్.

ఫోన్ పక్కన పెట్టి ఏడ్చాను.

కాసేపటికి ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. కబురు తిన్నగా చెప్పడం చేతకాని ఈ సంఘాన్ని తయారు చేసిందెవరు? ఆయనే కదా!

తెలియని పిల్లల కోసం చెప్తున్నాను. అయ్యగారు అనౌన్స్‌మెంట్లు చేసేవారు కాదు. మాకు చెప్పాల్సిందంతా ప్రార్థనలో దేవుడికి చెప్పేవారు. కళ్ళు మూసుకుని, చేతులెత్తి, గ్రాంథికంలో. మాకు కావలసింది మేమే అందులోంచి ఏరుకోవాలి.

వినేవాళ్ళెవరు? నైట్ షిఫ్ట్ దిగి అటునుంచటే చర్చికొచ్చిన మిల్లు జనం. కళ్ళు మూసుకోమంటే చాలు, నిద్రపోయేవాళ్ళు. మెలకువగా ఉన్నవాళ్ళమా, తమిళ బడిలో చదివినవాళ్ళం. ఆ తెలుగు మా తలకెక్కేది కాదు.

మా అక్క పెళ్ళినాడు ఏమైందో చూడండి.

పొద్దున అక్క పెళ్ళిచీర కట్టుకుని చర్చికి వచ్చింది. పెళ్ళికొడుకు వచ్చాడు. బిర్యానీ దమ్ము మీదికి వచ్చింది. అయ్యగారు రాలేదు.

నాన్న పరుగెత్తుకు వెళ్తే, ఆయన బనియన్‌తో కూర్చుని కాఫీ తాగుతున్నారట.

"పెండ్లి సాయంత్రానికి మార్చినాను కదప్పా. పోయిన వారం ప్రార్థనలో చెప్పినానే?"

"దేవునికి చెప్తిరి. పెండ్లికూతురి నాయనకు చెప్పవద్దా అయ్యా?" అన్నాడు నాన్న.

అక్క ఏడ్చి ఏడ్చి ముఖానికి వేసుకున్న పౌడరంతా చెరిపేసుకుంది.

అసలు చిరాకేమిటంటే, ఆయన చేసింది రైటే. ఆ రోజు మొదటి షిఫ్ట్ వాళ్ళకి మిల్లు లీవ్ ఇవ్వలేదు. పెళ్ళికొడుకు స్నేహితులంతా ఆ షిఫ్టే. సాయంత్రం మిల్లు సైరన్, అదే మన సంగు, మోగగానే తలల్లో దూది పీచుతోనే పరుగెత్తుకొచ్చారు. చర్చి ఇసకేస్తే రాలనట్టు నిండిపోయింది. అంత కళకళలాడిన పెళ్ళి మా లైన్‌లో మళ్ళీ జరగలేదు.

దూరం చూడటంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. చూసింది చెప్పమంటే మాత్రం నోరు పెగలదు.

అది పెళ్ళితో పోయుంటే నవ్వుకుని ఊరుకునేదాన్ని.

మిల్లు మూతపడుతుందని యూనియన్ వాళ్ళకన్నా ముందు పసిగట్టింది ఆయనే. మిల్లు పోతే లైన్ ఇళ్ళు పోతాయి. ఇళ్ళు పోతే సంఘం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోతుంది. అదీ ఆయన భయం.

అందుకని ఊరికి ఉత్తరాన ఉన్న తుడియలూరులో ఒక తెలుగు నాయుడుగారిని అడిగి, ఆయన నీటి పంపుల వర్క్‌షాప్ వెనక చర్చికి స్థలం సంపాదించారు. అందరం ఆ చుట్టుపక్కలే ఇళ్ళు చూసుకుంటే పని అక్కడే, ఆరాధన అక్కడే. ఎంత మంచి ఆలోచన!

దాన్ని ఎలా చెప్పారనుకున్నారు?

"ప్రభువా, సంగు మూగబోవు దినమును నీవెరుగుదువు. ఉత్తర దిక్కున నీవు సిద్ధపరచిన స్థలమునకు నీ మందను నడిపించుము."

మా నాన్న అది పరలోకం అనుకుని గట్టిగా ఆమెన్ అన్నాడు.

వారం వారం అదే ప్రార్థన. వారం వారం ఆమెన్. ఒక్కరూ కదల్లేదు. మిల్లు గేటుకు తాళం పడ్డాక ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. కొందరు దూరాన తేని అనే ఊరు వెళ్ళి ఏలకుల మండీల్లో పనికి కుదిరారు. నా ప్రాణ స్నేహితురాలు ఎస్తేరు కుటుంబం అలాగే పోయింది.

తర్వాతి ఆదివారం ఆయన మళ్ళీ "ఉత్తర దిక్కున" అని ఎత్తుకోగానే అమ్మగారు, అంటే ఆయన భార్య రూతమ్మగారు, ఆడవాళ్ళ చాప మీంచి లేచి నిలబడింది.

"దేవునికి అంతా తెలుసు. వీళ్ళకే తెలీదు. కండ్లు తెర్చి, తుడియలూరు అని చెప్పండి!"

చర్చంతా కళ్ళు తెరిచింది. అయ్యగారూ తెరిచారు. రెండు ముక్కల్లో చెప్పారు. మిగిలినవాళ్ళం మర్నాడే ఇళ్ళు వెతకడానికి బయల్దేరాం.

కానీ అప్పటికే సగం సంఘం పోయింది. అలా పోయిన వాళ్ళ పిల్లల్లో చాలామందికి ఇప్పుడు తెలుగు రాదు.

ఆ రెండు ముక్కలు ముందే చెప్పి ఉంటే! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పోయిన వారం అయ్యగారిని చూడటానికి ఆస్పత్రికి వెళ్ళాను. ప్రార్థన చేస్తారు కదా అని కళ్ళు మూసుకున్నాను.

"మూయొద్దు పాపా. నన్ను చూడు. నేను ఇంక ఇంటికి రాను. మన ఆరాధనను తమిళం ఆరాధనతో కలిపేస్తామని చర్చి పెద్దలు అంటా ఉండారు. విడవొద్దు. నువ్వు నడుపు. పిల్లకాయలకు తెలిసే మాదిరి చెప్పు."

ఒక్క గ్రాంథికం ముక్క లేదు.

ఇంత తిన్నగా మాట్లాడటం వచ్చా అయ్యగారూ మీకు? ఇన్నేళ్ళూ ఎక్కడ దాచారు?

అంత క్లియర్‌గా చెప్పారు కాబట్టే నాకు భయమేసింది. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను.

సరే. ఇప్పుడు అందరూ వినండి. కళ్ళు తెరిచే చెప్తున్నాను.

పోయింది దేవసహాయం అయ్యగారు.

సమాధి ఈ సాయంత్రం నాలుగింటికి. తుడియలూరు చర్చి నుంచి బయల్దేరుతాం.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తెలుగు ఆరాధన ఉంది. అదే చర్చిలో. నేను నడుపుతాను.

ఎస్తేరూ, తేని నుంచి పిల్లల్ని తీసుకుని రా. వాళ్ళకి తెలుగు రాకపోయినా తీసుకుని రా.

దండం బొమ్మలు ఇంక చాలు. వస్తున్నారో లేదో రాయండి.

వెళ్ళి రండి అయ్యగారూ. అమ్మగారు మీకోసం ముందే వెళ్ళి ఉంది. ప్రభువు దగ్గర ఇద్దరూ నిశ్చింతగా ఉండండి.

ఇక్కడ చెప్పాల్సింది నేను చెప్తాను.