సగానికి ఇగిరిన నీళ్లు

మాస్కులు ముక్కు మీద నుంచి గడ్డం కిందికి, గడ్డం కింద నుంచి జేబులోకి దిగిపోతున్న ఏడాది వేసవి అది. బళ్ళారి జిల్లా సరిహద్దులో, తుంగభద్ర కాలువ నమ్ముకుని బతికే ఒక చిన్న పట్టణంలో నీళ్ల పరీక్ష ల్యాబు టెక్నీషియన్‌గా నాకది పదకొండో ఏడు. ల్యాబు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పాత ఆఫీసు వెనక గది, ఒక సింకు, ఒక ఇంక్యుబేటరు, రెండు బీరువాల రసాయనాలు, నేను. ఊళ్లో నన్ను నీళ్ల సారు అంటారు. కొళాయి రాకపోతే తిట్టేది కూడా నన్నే, ఆ కొళాయికీ నాకూ ఏ సంబంధమూ లేకపోయినా.

వేసవిలో కాలువ కట్టేస్తారు. అప్పటికి చెరువులో నింపి పెట్టుకున్న నీళ్లు ఎండలు ముదిరేసరికి పచ్చబడతాయి. కొళాయి వారానికొకసారి వస్తే గొప్ప. అప్పుడు జనం పాత బోర్ల మీద పడతారు, నా బల్ల మీదికి సీసాలు రావడం మొదలవుతుంది. కూల్‌డ్రింకు సీసాలు, నూనె సీసాలు, ఒకాయనైతే పురుగుమందు డబ్బాలోనే తెచ్చాడు. బాగా కడిగినాను సార్ అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా పనిలో పరీక్షలు రెండు రకాలు. ఒకటి క్రిముల కోసం. హెచ్‌టూఎస్ సీసా అంటాం. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, నీళ్లలో మలం కలిసి ఉంటే నల్లబడుతుంది. రెండోది ఫ్లోరైడు, నైట్రేటు లాంటి ఉప్పుల కోసం. ఎవరైనా బేదులని చెప్పి నీళ్లు తెస్తే మొదటిది మాత్రమే చేసేవాణ్ని. రెండోది ప్రభుత్వ బోర్లకు, ఏడాదికొకసారి. ఇలా చేయమని ఎక్కడా రాసి లేదు. నాకు పని నేర్పినాయన అలా చేసేవాడు, నేనూ అలాగే చేశాను. సీసా నల్లబడితే రిపోర్టు కాగితం మీద ఒక రబ్బరు స్టాంపు గుద్దుతాం. 'కుదిసి ఆరిసిద నీరన్ను కుడియిరి' అని కన్నడంలో ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్లు తాగండి అని. పదకొండేళ్లలో ఆ స్టాంపు ఎన్నిసార్లు గుద్దానో నాకే తెలియదు. దానివల్ల ఒకరికి కీడు జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు.

నాగరత్నమ్మ ఆ వేసవిలో వచ్చింది. ఊరి చివర, వరిమళ్లకు ఆనుకుని ఉన్న వీధి ఆమెది. కొడుకు గనుల లారీ తోలుతాడు. కోడలికి కాన్పయ్యాక కామెర్లు తిరగబెట్టి పాలు పడలేదు. నెలన్నర మనవరాలిని నాగరత్నమ్మే డబ్బా పాలపొడి కలిపి పెంచుతోంది. పాపకు బేదులు పట్టుకున్నాయని తమ పెరటి బోరు నీళ్లు సీసాలో పట్టి తెచ్చింది.

"మా బోరు నీళ్లు తియ్యగుంటాయప్పా. కాలువ కట్టేస్తే వీధి వీధంతా మా ఇంటికే వస్తాది. యానాడూ ఎవురికీ ఏమీ కాలేదు," అంది.

మరుసటి రోజుకి సీసా నల్లగా అయిపోయింది. నేను స్టాంపు గుద్ది కాగితం చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు. అందుకని నోటితో కూడా చెప్పాను.

"నీళ్లలో క్రిములున్నాయమ్మా. బాగా మరిగించి పాలపొడి కలుపు. ఊరికే వెచ్చబెడితే చాలదు."

"సగానికి ఇగిరేదాకా మరిగిస్తా. బాలింతకు వాము నీళ్లు కాసేది అట్లే గదా. మా అత్త నేర్పింది."

"అంతకంటే కావలసిందేముంది. నీలాగా అందరూ చేస్తే నా ల్యాబు మూసేసుకోవచ్చు," అన్నాను. ఆమె పొంగిపోయింది. నేనన్న మాటలన్నిటిలోకీ ఆ మాటే నన్ను ఇప్పటికీ వదలదు.

పది రోజుల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి మూత బిగించిన స్టీలు చెంబులో మరిగించిన నీళ్లే తెచ్చింది.

"బేదులు తగ్గినాయి. అయినా పురుగులు సచ్చినాయో లేదో ఒకతూరి నువ్వు చూసి చెప్పు. పాప పెదాలు నేరేడు పండ్లు తిన్నెట్ల నల్లగయినాయి. ఊరికే పండుకోనే ఉంటాది."

"డాక్టరుకు చూపించావా?"

"చూపిచ్చినాం. గుండెలో ఏమన్న ఉందేమో, బళ్ళారి పోయి స్కాన్ తీయించమన్యాడు. కొడుకు లోడు మీద పోయినాడు. వస్తానే పోతాం."

గుండె సంగతి నాకేం తెలుసు. నాకు తెలిసింది నీళ్లు. ఆ నీళ్లు హెచ్‌టూఎస్ సీసాలో పోశాను, మర్నాటికి చుక్క నలుపు లేదు. నేనే ఫోన్ చేసి, "నీ నీళ్లకు వంక పెట్టడానికి లేదమ్మా, ఇలాగే కాచు," అని చెప్పాను. ఆమె అడగకపోయినా పనిగట్టుకుని చేశాను. మంచి కబురు కదా అని.

ఇంకో మూడు రోజులకు ఒక బడి బోరు నీళ్లు వచ్చాయి. ప్రభుత్వ బోరు కాబట్టి నైట్రేటు కూడా చూడాలి. గాజు గొట్టంలో నీళ్లు పోసి పొడి వేసి ఊపితే గులాబీ రంగు వస్తుంది. నైట్రేటు ఎంత ఎక్కువ ఉంటే రంగు అంత ముదురు. ఆ రంగును చార్టు పక్కన పెట్టి చూస్తుండగా, ఎన్నో ఏళ్ల కిందట శిక్షణలో విన్న ఒక్క వాక్యం గుర్తొచ్చింది. నైట్రేటు ఎక్కువైన నీళ్లతో పాలు కలిపితే పసిబిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేదు, పెదాలు నీలమవుతాయి. ఆ రోజు దాన్ని పరీక్ష కోసం నోటుబుక్కులో రాసుకున్నాను, పరీక్ష కాగానే మరిచిపోయాను.

నాగరత్నమ్మ సీసా, చెంబులో మిగిలిన నీళ్లు పోసి ఉంచిన సీసా, రెండూ అలమారలోనే ఉన్నాయి. తీసి పరీక్ష చేశాను. లీటరుకు నలభై ఐదు మిల్లీగ్రాములు దాటకూడదు. పచ్చి నీళ్లే దానికి మూడింతలు దాటాయి. మరిగించిన నీళ్లు చార్టులో ఉన్న చివరి రంగును కూడా దాటి బీట్‌రూటు రసంలా వచ్చాయి.

ఆమె బోరుకు ఒకవైపు గేదెల కొట్టం, దాని వెనక ఎరువు దిబ్బ, మరుగుదొడ్డి గుంత. ఇంకోవైపు ఏటా రెండు పంటలకు యూరియా చల్లే వరిమడి. ఇవన్నీ నేలలోకి దిగి నైట్రేటుగా బోరులో కలుస్తాయి. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ అది చావదు. నీళ్లు ఆవిరైపోతాయి, అది గిన్నెలోనే ఉండిపోతుంది. సగానికి ఇగిరితే రెట్టింపవుతుంది. ఇది పదో తరగతి పిల్లవాడికి కూడా తెలిసే లెక్క. నాకు తట్టలేదు.

ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. బండేసుకుని వాళ్లింటికి పోయాను. తాళం. పక్కింటి ఈరమ్మ, పొద్దున పాపకు ఎగశ్వాస వస్తే అందరూ బళ్ళారి ఆస్పత్రికి పోయారని చెప్పింది. ఆమె దగ్గర కొడుకు నంబరు తీసుకుని చేశాను. ఫోన్ డాక్టరుకు ఇవ్వమన్నాను. నేను చెప్పింది విని ఆ డాక్టరమ్మ, "రక్తం తీస్తే కాఫీ రంగులో వచ్చింది. మాకూ అదే అనుమానం. దానికి విరుగుడు ఇంజెక్షన్ ఈడ స్టాకు లేదు, వేరే చోట నుంచి తెప్పిస్తున్నాం," అంది. "నాలుగు రోజుల ముందు తెలిసుంటే బాగుండేది," అని కూడా అంది.

ఇంజెక్షన్ వచ్చింది. అప్పటికి పాప లేదు. తల్లికి నయమయ్యాక పేరు పెడదామనుకున్నారట. పేరు లేకుండానే పోయింది.

ఆ సాయంత్రమే నేను బోరు మీద 'ఈ నీళ్లు తాగరాదు' అని కాగితం అంటించి వచ్చాను. అంతటితో నా పని అయిందని కూడా అనుకున్నాను. నాలుగో రోజు పరామర్శకు వెళ్లేసరికి పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గిన్నె కుతకుత ఉడుకుతోంది. నాగరత్నమ్మ పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తోంది.

"ఎవరికమ్మా ఆ నీళ్లు?"

"ఈరమ్మ కూతురు కాన్పుకు వచ్చిండాది గదా. దాని బిడ్డకు రేపట్నించి డబ్బా పాలు పోస్తారంట. పచ్చి నీళ్లు తాగగూడదని నువ్వు కాగితం అంటిచ్చినావంట గదా, అందుకని కాస్తాండా. మరిగిస్తే బాగుండాయని ఫోన్‌లో నువ్వే చెప్పినావు." కళ్లు ఎత్తకుండా అడిగింది, "మా పాపకు నేను సాలినంత మరిగియ్యలేదేమో కదప్పా. అందుకే ఈ బిడ్డకు ఇంకా ఎక్కువ మరిగిస్తాండా."

నీ తప్పేమీ లేదమ్మా అని చెప్పి లేచి వచ్చేద్దామనే వెళ్లాను. అంతవరకూ నిజమే కదా అనుకున్నాను. కానీ ఆ గిన్నె పక్కింటికి పోతుంది. చెప్పక తప్పలేదు. చెప్పాను. మరిగించిన కొద్దీ విషం చిక్కబడిందని, బాగున్నాయని చెప్పింది నేనేనని, చూడవలసిన పరీక్ష నేను చూడలేదని, తప్పు నాదేనని. చివరి మాటలు ఆమె విన్నట్టు లేదు.

ఆమె పొయ్యిలోంచి కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగింది.

"ఐతే నేను సోమరిగా రొంతసేపే కాసింటే?" అంది.

"తెలియదమ్మా."

"బతికేదేమో."

బతికేదేమో, నాకూ అలాగే అనిపిస్తోంది. అది ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. శ్రద్ధగా చేసినందుకు ఒక మనిషికి ఇంత శిక్ష పడడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ శ్రద్ధను పొగిడినవాణ్ని నేను. ఆమె గుడ్డతో గిన్నె పట్టుకుని దించి, అడుగు దాకా నేల మీద వంపేసింది.

దీన్నుంచి ఏం నేర్చుకున్నారని అప్పుడప్పుడు వేరే ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. ఇప్పుడు ఎవరు సీసా తెచ్చినా, మూత తీయకముందే ఇంట్లో పసిబిడ్డ ఉందా, పాలు ఎవరిస్తున్నారు అని అడుగుతాను. ఏ బోరు నీళ్లకైనా నైట్రేటు చూడకుండా స్టాంపు గుద్దను. ఆ స్టాంపు మార్చమని పైకి రాశాను. జవాబు రాలేదు. కిందటేడు పాతది అరిగిపోయిందంటే అవే అక్షరాలతో కొత్తది పంపారు. మరిగిస్తే నైట్రేటు పోదని దాని కింద పెన్నుతో రాసిస్తుంటాను, చదివేవాళ్లు తక్కువ. నేర్చుకున్నదంటే ఇంతే. నేర్చుకోవడానికి ఒక బిడ్డ ప్రాణం పోవాలా అని నన్ను నేను అడగని రోజు లేదు.

ఆ బోరు మీద కాగితం ఒక్క వానకే పోయింది. కాలువ కట్టేసినప్పుడల్లా వీధి మళ్లీ అక్కడికే వస్తుంది, తియ్యటి నీళ్లని. వద్దంటే, మరి యాడ తెచ్చుకోల్ల అని అడుగుతారు.

ఏటా ఆ రోజుల్లో నాగరత్నమ్మ ఒక సీసా పట్టుకుని వస్తుంది. వాళ్లింట్లో మళ్లీ బిడ్డ పుట్టలేదు. అయినా పరీక్ష చేయమంటుంది. గొట్టంలో రంగు తేలేదాకా బెంచీ మీద కూర్చుంటుంది.

"తగ్గిందాప్పా?"

"లేదమ్మా."

"మరిగియ్యకూడదు గదా?"

"మరిగించకూడదు."

ఆ మాట ఆమెకు తెలియక కాదు. లేచి, సీసాలో మిగిలిన నీళ్లు నా సింకులో పోసి, ఖాళీ సీసా చంకలో పెట్టుకుని వెళ్లిపోతుంది.