థింసా వరసలో ఎనిమిది

విశాఖపట్నం సైన్సు ప్రదర్శనకు తీసుకెళ్లి పనిచేసే మైక్రోప్రాసెసర్ చూపిస్తానని, అరకు లోయలో మేం పనిచేసిన ఆశ్రమ పాఠశాల ఆడపిల్లలకు మా హెడ్‌మాస్టరు మాట ఇచ్చాడు. ఎనభైల నాటి సంగతి. తీసుకెళ్లలేదు. ఆ మాటను పిల్లలకన్నా ఎక్కువగా నమ్మిన మనిషి, ఆ బడి లెక్కల మాస్టారు, పోయిన మంగళవారం శ్రీకాకుళంలో కన్నుమూశారు. పేపర్లో ఏమీ రాలేదు. ప్రతి చిన్న నాయకుడి పుట్టినరోజుకూ అరపేజీ ఇచ్చే పేపర్లు అవి. వాటిలో రాకపోవడమే మర్యాద.

ఫోను చేసి చెప్పింది అప్పటి మా విద్యార్థిని బుద్రి. "లెక్కల సారు పోయారంట సారూ. మంచం పట్టకుండా బేగి ఎలిపోయారంట" అంది. 

ఆ బడిలో నేను తెలుగు పండితుణ్ణి. మాస్టారిదీ నాదీ పక్కపక్క గదులు. ఏది అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. బల్ల మీద రెండు వేళ్లతో రెండుసార్లు తట్టి, అప్పుడు చెప్పేవారు. కూర వెయ్యమంటారా అన్నా అంతే. "ఈ సారుకి ఒడ్డించాలంటే ముందు తాళం అవ్వాల" అనేది వంటామె.

ఒక వేసవిలో ఆయన విశాఖలో శిక్షణకు వెళ్లి, అగ్గిపెట్టెలో ఒక నల్లటి బిళ్ల, మైక్రోప్రాసెసర్ చిప్పు, పెట్టుకుని వచ్చారు. రెండు వైపులా వరసగా కాళ్లు.

"ఇదేటి సారూ, జెర్రిలాగుంది" అంది బుద్రి.

"జెర్రే. కాలిపోయి చచ్చింది కాబట్టి నాకిచ్చారు. బతికున్నదాన్ని విశాఖలో చూద్దురుగాని" అన్నారాయన. హెడ్‌మాస్టరు మాట ఇచ్చింది ఆ రోజే, బడి వరండాలోనే.

కంప్యూటరును అప్పటి పత్రికలు మర మెదడు అని రాసేవి. నేను చదివినవాణ్ణి కాబట్టి, అది ఎలా ఆలోచిస్తుందని అడిగాను. రెండు వేళ్లూ తట్టారు. "ఆలోచించదు పంతులుగారూ. దానికి బుద్ధి లేదు, వరస ఉంది."

మర్నాడు వరండా గోడకు మేకులు కొట్టి పలకలు వేలాడదీశారు. ఒక్కో పలక మీద ఒక్కో ఆజ్ఞ. ఆ గోడే యంత్రం జ్ఞాపకం. ఒక పిల్ల వెళ్లి మొదటి పలక తేవాలి, ఇంకో పిల్ల దాన్ని చదివి ఎవరు ఏం చెయ్యాలో చెప్పాలి, పని అయ్యాక రెండో మేకు దగ్గరికి వెళ్లాలి. తర్వాత ఏ మేకు అన్నది గుర్తుపెట్టుకోవడం మాత్రమే ఒక పిల్ల ఉద్యోగం. తేవడం, చదవడం, చెయ్యడం. చిప్పు బతుకంతా ఇంతేనట. వేగం చూసి మనం దాన్ని తెలివి అనుకుంటామట.

కూడిక దగ్గర ఆయన థింసాను పట్టుకున్నారు. ఆ పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఆట అది. నలుగురు పిల్లలు నడుముల చుట్టూ చేతులు పెనవేసుకుని ఒక వరస. ఎదురుగా నలుగురితో ఇంకో వరస. "లోపల అంకెలుండవు. కరెంటు ఉందా, లేదా అన్నదే ఉంటుంది. నిలబడితే ఉన్నట్టు, వంగితే లేనట్టు." కుడి చివరి పిల్ల విలువ ఒకటి, ఆ పక్కన రెండు, తర్వాత నాలుగు, ఎడమ చివర బుద్రి, ఎనిమిది. ఒకటీ నాలుగూ నిలబడితే ఐదు. ఎదుటి వరసలో ఒకటీ రెండూ నిలబడితే మూడు.

ఇక తుడుము డప్పు దెబ్బకొక పిల్ల, కుడినుంచి మొదలు. తనూ ఎదుటి పిల్లా ఇద్దరూ నిలబడి ఉంటే, తను వంగి ఎడమ పక్క పిల్ల నడుం గిల్లాలి. ఆ గిల్లుడు కూడా నిలబడ్డ మనిషితో సమానం. జత కుదిరితే వంగి గిల్లడం, ఒంటరిగా మిగిలితే నిలబడటం. ఐదుకు మూడు కలిపితే ఆ గిల్లుడు ఒకరి నుంచి ఒకరికి చివరిదాకా పోతుంది. ముగ్గురు వంగి ఉంటారు, బుద్రి ఒక్కతే లేస్తుంది. ఎనిమిది.

తుడుము కొట్టేది బుద్రి నాన్న. "ఇదేటి దరువు సారూ, సావుకి కొట్టినట్టు ఒకటే దెబ్బ" అని విసుక్కునేవాడు.

"అదే కావాలి నాయనా. దెబ్బ పడేదాకా లోపల ఏదీ కదలకూడదు."

లెక్క చాలా రోజులు తప్పింది. కారణం బుద్రి. జవాబు ఎనిమిదని ముందే తెలుసు కాబట్టి, గిల్లుడు అందకుండానే లేచేది.

"నీకు తెలుసని లేవకూడదమ్మా. గిల్లితేనే లేవాలి."

"తెలిసి తెలిసి వంగుండమంటారేటి సారూ?"

"గిల్లేదాకా. గిల్లాక వంగి ఉన్నా తప్పే."

ప్రదర్శనకు ముందురోజు బస్సు వచ్చింది. పిల్లలు ఘాట్ రోడ్డు దిగుతామనుకున్నారు. బస్సు అరకులోనే అతిథి గృహం ముందు ఆగింది. "విశాఖ పెద్దలే ఇక్కడికొచ్చారు. మనం దిగడం ఎందుకు? పిల్లలు నాలుగు అడుగులు వేస్తే చాలు" అన్నాడు హెడ్‌మాస్టరు. గిరిజన పిల్ల అంటే స్వాగతానికి పనికొచ్చే పిల్ల అని అతని లెక్క. అతను వేసిన దండ పుచ్చుకున్నవాళ్లలో ఆ ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా ఉన్న ఎలక్ట్రానిక్స్ ఆచార్యుడు కూడా ఉన్నాడు.

మాస్టారు పిల్లల దగ్గరికెళ్లి మెల్లగా అన్నారు: "ఐదూ, మూడూ."

తుడుము ఒక్కొక్క దెబ్బే పడింది. గిల్లుడు వరస పొడుగునా నడిచింది. ముగ్గురు వంగి ఉన్నారు. చివర బుద్రి లేచింది, ఈసారి ఒక్క క్షణం కూడా తొందరపడకుండా.

"ఇదేం నాట్యమండీ, వంగడం, లేవడం" అని అడిగాడు ఆచార్యుడు.

"ఆకులు ఏరడం సార్" అన్నాడు హెడ్‌మాస్టరు.

నేను పక్కనున్న మాస్టారిని నిజంగానే గిల్లాను. "ఇది కూడిక అని ఆ ఆచార్యుడికి చెప్పండి. ఒక్క మాట చాలు, రేపు పిల్లలు విశాఖలో ఉంటారు." ఆయన మోకాలి మీద రెండు వేళ్లూ తట్టారు. "చూడటం రానివాడికి చెప్పి ఏం లాభం పంతులుగారూ. లెక్క సరిగ్గా వచ్చింది." నేను లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. అతిథులు చప్పట్లు కొట్టి టిఫినుకు లేచారు.

తిరుగు బస్సులో బుద్రి అడిగింది: "ఎనిమిదొచ్చినట్టు ఆళ్లకి తెలిసిందా సారూ?"

మాస్టారు కిటికీ చువ్వ మీద రెండు వేళ్లతో రెండుసార్లు తట్టి, బయటికి చూశారు.

యంత్రాల గురించి నాకు తెలిసిందంతా ఆ వరండాలో ఆయన పెట్టిన భిక్షే. కాదనను. మొన్న ఫోనులో బుద్రి, "ఆ బతికున్న జెర్రిని సూడనేదు సారూ" అంది. ఇప్పుడు నీ చెవి దగ్గరున్నది అదేనమ్మా అన్నాను. నవ్వింది గానీ, ఆ నవ్వులో చూసినదాని సంతోషం లేదు.

ఆ రోజు చప్పట్లు ఆగి, కుర్చీలు ఖాళీ అయి, వాళ్ల నాన్న తుడుము దించాక కూడా, తనను ఎవరైనా చదువుతారేమోనని ఆ పిల్ల వరస చివర నిటారుగా నిలబడే ఉంది. హెడ్‌మాస్టరును నేనెప్పుడో లెక్కలోంచి తీసేశాను, అతనికి ఎలాగూ జవాబు తెలియదు. జవాబు తెలిసి, గిల్లాక కూడా లేవని మనిషి ఒక్కరే. నేను ఇప్పటికీ తప్పుపట్టేది మా లెక్కల మాస్టారినే.