కొత్తవి కుట్టబడవు

నా దుకాణం బోర్డు మీద తొమ్మిది పనులు రాసి ఉండేవి. జాకెట్లు, చుడీదార్లు, లంగాలు, పిల్లల గౌన్లు, స్కూలు యూనిఫారాలు, చీరలకు ఫాల్, దిండు గలీబులు... మిగతావి నేనే మరిచిపోయాను. రాయచూరులో మా గల్లీలోనే ఇంకో ఐదుగురు దర్జీలు. ఆ తొమ్మిది పనులూ వాళ్ళూ చేసేవాళ్ళు, నాకంటే బాగా.

నాకు ముక్కు మీదే కోపం. ఆ ఇరుకు గదిలో మిషన్ ముందు కూర్చుంటే మాత్రం ప్రాణం హాయిగా ఉండేది. అందుకే మా ఆయన, శ్రావణం అయ్యేదాకా చూసి గిరాకీ రాకపోతే మిషన్ ఇంటికి తెచ్చేద్దామంటే ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో మిషన్ మీద ఏం చేరతాయో నాకు తెలియదా? ఉతికిన బట్టలు, కూరగాయల సంచి, మా అత్త మందుల డబ్బా.

శ్రావణం మొదట్లో ఒకామె పరుగున వచ్చింది. మధ్యాహ్నమే కూతురి నిశ్చితార్థం, పేరున్న టైలరు కుట్టిన పట్టు జాకెట్టుకు హుక్కులు అందడం లేదు. ఆయన్ని తిట్టిపోస్తోంది. నేను పక్క కుట్లు విప్పి, లోపల మడిచిన గుడ్డ వదిలి, అరగంటలో చేసిచ్చాను. అద్దంలో చూసుకుని నన్ను వాటేసుకుంది. ఆదికి ఏ జాకెట్టు ఇచ్చావమ్మా అని అడిగితే నసిగింది. ఆ కూతురు పుట్టకముందుదట!

అప్పుడు వెలిగింది నాకు. మా ఊళ్ళో చాలామంది టేపుతో కొలిపించుకోరు, కొలతకని ఒక పాత జాకెట్టు ఇస్తారు. ఆ పాతది ఎప్పుడూ సన్నగా ఉన్న రోజులదే. పాపం, దర్జీలు ఏం చేస్తారు! నేనూ తక్కువదాన్ని కాదు, నా పెళ్ళి జాకెట్టునే ఆదిగా దాచుకున్నాను.

మరునాడే పెయింటరును పిలిచి తొమ్మిదీ చెరిపించాను. కన్నడంలో, తెలుగులో ఒకటే రాయించాను: బిగుతైన జాకెట్లు సరిచేయబడును, కొత్తవి కుట్టబడవు. అతను రెండుసార్లు అడిగి మరీ రాశాడు. మా ఆయన చూసి తల పట్టుకున్నాడు.

"ఉన్న గిరాకీని గూడ ఎల్లగొడ్తున్నవేంది?"

"అవి ఎవ్వరన్న చేస్తరు. గిది నేనే చేస్త."

అలా అన్నానే గానీ లోపల భయమే. వారం తిరక్కుండానే సింధనూరు వైపు నుంచి ఒక రైతు భార్య వచ్చి, కూతురి పెళ్ళికి ఇరవై కొత్త జాకెట్లు కుట్టమంది. మా ఆయన పనిచేసే మిల్లుకు ఆ రోజు సెలవు కాబట్టి ఆయన అక్కడే ఉన్నాడు. సరే అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. "ఇదేం చోద్యమండీ, పనిస్తానంటే వద్దంటారు!" అని ఆమె నవ్వుకుంటూ ఎదుటి దర్జీ దగ్గరికి వెళ్ళింది. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, నేనేం తక్కువా?

ఆ ఎదుటి దర్జీయే నన్ను నిలబెట్టాడు. బోర్డు చూశాక నేను పోటీ కానని అతనికి అర్థమైంది. బిగుతైందని గొడవకొచ్చినవాళ్ళను నా దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు. మిగతా నలుగురూ అదే పని చేశారు. మా ఆయన పొద్దున మిల్లుకు పోతే చీకటి పడ్డాకే వస్తాడు, ఈ సందడి చెబితే నమ్మలేదు.

శ్రావణం ఆఖరి రోజు, అన్న మాట ప్రకారం, సెలవు పెట్టి మిషన్ కోసం తోపుడు బండి తెచ్చాడు. లోపల ఏడుగురు ఆడవాళ్ళు. ఒకామె జాకెట్టు తొడుక్కుని చూసుకుంటోంది, ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. చాలాసేపు ఎండలో నిలబడ్డాడు. చేతిలో పని ముగించి నేను బయటికొచ్చేసరికి ఆయనా లేడు, బండీ లేదు. కోపమొచ్చి పోయాడనుకున్నాను.

గంటకు బండి మళ్ళీ వచ్చింది. దాని మీద మా ఇంటి పొడుగు బల్ల. చెమటలు కక్కుతూ దించి, గోడవారన వేశాడు.

"నిలవడి నిలవడి కాళ్ళు గుంజవా వాళ్ళకు?" అన్నాడు.

అందరి ముందే ఏడ్చేశాను. ఆడవాళ్ళు బల్ల మీద సర్దుకుని కూర్చున్నారు.