చిన్నమామ చండ్ర చెట్టు

ఆ రోజుల్లో బెంగుళూరులో ఎవరికీ తొందర ఉండేది కాదు, నా నోటికి తప్ప. కాలేజీలో వృక్షశాస్త్రం చదువుతున్నానన్న గర్వంతో పెరట్లోని గడ్డిపరకతో కూడా వాదానికి దిగేదాన్ని. మా చిన్నమామ తోళ్ళ మండీలో గుమాస్తా. యుద్ధం వచ్చి, తోళ్ళు పదును చేయడానికి పైదేశాల నుంచి వచ్చే బెరడు ఆగిపోయింది. అవ్వ ఆకువక్కలో వేసుకునే కాచు కూడా తోలుకు పనికొస్తుందని, అది చండ్ర చెట్టు నుంచే వస్తుందని ఎవరో చెప్పగానే, మామ బావి పక్కన ఒక చండ్ర మొక్క నాటేశాడు. అది కోతకొస్తే సొంత మండీ, ఆ తర్వాతే పెళ్ళి అన్నాడు. (అవ్వ ఆ రోజు నుంచి కాచు నములుతూ మొక్కను అనుమానంగా చూసేది.)

మామకు ఎదురింటి అక్కంటే ప్రాణం. వాళ్ళకు బావి లేదు, నీళ్ళకు మా పెరట్లోకే వచ్చేది. ఒకనాడు వాళ్ళ నాయన తాంబూలం పళ్ళెంతో వచ్చి, "పెండ్లి ఎప్పుడు పెట్టుకుందామప్పా?" అన్నాడు. "చెట్టు కోతకు రానీండి. రెండేండ్లంతే" అన్నాడు మామ. నేనూరుకుంటానా! "రెండేళ్ళా? ఇదేమన్నా తంగేడా మామా, బెరడు ఒలుచుకోవడానికి? చండ్రలో పనికొచ్చేది లోపలి ఎర్ర చేవ. అది ముదిరేసరికి నీకు మనవలు పుట్టాల!" అన్నాను. "సుమ్నె ఉండవే, నీ నోట్లో మన్నుపొయ్య!" అని అవ్వ అరిచేలోపే ఆ పెద్దాయన పళ్ళెం ఎత్తుకొని లేచాడు. 

అప్పుడు బావి దగ్గర బిందె దించిన చప్పుడైంది. "అన్నేండ్లు దానికి నీళ్ళు పోసేదానికి మనిషి కావల్ల కదా నాయనా? నేనుండాను" అంది అక్క, తల వంచుకొనే. అవ్వ నవ్వింది, పెద్దాయన కూర్చున్నాడు, పళ్ళెం మామ చేతికి వచ్చింది.

యుద్ధం ముగిసి పైదేశాల బెరడు మళ్ళీ వచ్చింది. సొంత మండీ మాత్రం రాలేదు. చెట్టు లావెక్కాక, కొట్టడానికి ఎవరు అడిగినా "ఇంకా చేవ రాలేదప్పా" అని పంపించేవాడు మామ. ఇప్పుడు ఆయన లేడు. మొన్న వెళితే, తల నెరిసిన అత్త ఆ మానుకు బిందెతో నీళ్ళు పోస్తోంది. అంత చెట్టుకు నీళ్ళెందుకని నోరు తెరిచి, మళ్ళీ మూసుకొని, ఇంకో బిందె తోడిచ్చాను. నేను వాదించకుండా ఊరుకున్నానంటే మామ ఎంతమాత్రం నమ్మేవాడు కాదు.